కారుకీ ట్రెయిలరుకీ మధ్య

నెవిల్ జాఫ్తాకి సొంతంగా ఒక ట్రెయిలరు ఉంది. కారు వెనక తగిలించి లాక్కుపోయే రెండు చక్రాల ఇనప తొట్టి. దక్షిణాఫ్రికాలోని వూస్టర్ ఊళ్ళో వాళ్ళ వీధివీధంతటికీ ఆ సంగతి తెలుసు, అదే అతని ఖర్మ. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తలో ఎవరో పారేసిన పాత కారు ఇరుసూ, నాలుగు ఇనప రేకులూ పోగుచేసి తన చేతుల్తో తనే వెల్డింగు చేసుకున్నాడు. పెరడు చిన్నది కాబట్టి అందులో పట్టాలని ముందున్న లాగుడు కమ్మీని పొట్టిగా పెట్టాడు. అలా కొలతలు చూసి కట్టుకున్న ట్రెయిలరు పెరట్లో ఉన్న రోజులకంటే ఊరిమీద తిరిగిన రోజులే ఎక్కువ. ఎవరింట్లో ఫ్రిజ్ మారినా అదే వెళ్ళింది. ఎవరి గోడ కూలినా మట్టి అదే మోసింది. గొర్రెల్ని మోసింది, చర్చి బెంచీల్ని మోసింది, ఒక వానరోజున శవపేటికని కూడా మోసింది. తిరిగి తెచ్చిచ్చేటప్పుడు కడిగి తెచ్చిచ్చినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

"ఇవ్వనని ఒక్కసారి అంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని డోరీ ముప్పై ఒక్క ఏళ్ళుగా అడుగుతోంది.

"పోనీలే డోరీ, ఖాళీగా పడుంటే తుప్పే కదా పట్టేది," అని నెవిల్ ముప్పై ఒక్క ఏళ్ళుగా అంటున్నాడు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు. ఊరంతా మొత్తాక ఇక మిగిలింది డోరీ తమ్ముడు క్లారెన్స్. డిసెంబరు పధ్నాలుగో తేదీ సాయంత్రం అతనూ వచ్చాడు.

ఆ తేదీన వీధిలో కాకి వచ్చి వాలినా డోరీ కసురుకుంటుంది. ఎందుకంటే మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల వాళ్ళు క్లిప్‌మోండ్‌లో ఉండాలి. క్లిప్‌మోండ్ అంటే సముద్రం ఒడ్డున టెంట్లు వేసుకునే మైదానం. మంచి ఇసక తీరాలన్నీ తెల్లవాళ్ళు తమకని రాసుకున్న రోజుల్లో, తెల్లవాళ్ళు కాని వీళ్ళ మొహాన విదిల్చిన రాళ్ళ ఒడ్డు అది. విదిల్చిన దాన్నే వీళ్ళు ముద్దుచేసి సొంతం చేసుకున్నారు. ఇప్పుడు ఏ తీరానికైనా వెళ్ళొచ్చు, అయినా క్రిస్మస్ వస్తే ఇల్లు సగం ఖాళీ చేసి అక్కడికే పోతారు.

అక్కడ ఇరవై మూడో నంబరు చోటు జాఫ్తాలది. పంతొమ్మిదివందల డెబ్భై నాలుగులో నెవిల్ తండ్రి కోడి కూయకముందే మునిసిపాలిటీ గుమ్మం ముందు నిలబడి, అందరికంటే ముందు సంతకం పెట్టి సంపాదించింది. వెనక గుబురుగా మిల్క్‌వుడ్ చెట్టు, ఎదురుగా సముద్రం. ఆగ్నేయపు గాలి లేచి మిగతా టెంట్లన్నీ గాలిపటాలైన రోజున కూడా ఇరవై మూడులో కొవ్వొత్తి ఆరదు. నెవిల్ ఈత నేర్చుకుంది అక్కడే. పంపు దగ్గర బకెట్టు మోస్తున్న డోరీని మొదటిసారి చూసిందీ అక్కడే. తండ్రి పోయే ముందు కొడుకు చేతిలో పెట్టినవి రెండే, ఒకటి చేపలు పట్టే గేలపు కర్ర, రెండోది ఆ చోటు తాలూకు కార్డు.

అక్కడి నియమం ఒక్కటే, కానీ మహా గట్టిది. డిసెంబరు పదిహేను పన్నెండు గంటల్లోపు కార్డున్న మనిషి గానీ, ఆ మనిషి మొగుడో పెళ్ళామో గానీ స్వయంగా వచ్చి తమ చోట్లో టెంటు మొదటి గుంజ నిలబెట్టాలి. పన్నెండు దాటాక గుంజ లేని చోటు జాబితాలో కాచుకున్నవాళ్ళలో మొదటివాడికి పోతుంది. ఆ ఒక్క ఏటికి కాదు, ఎప్పటికీ. మైదానం చూసుకునే అబ్రహామ్స్ అనే ముసలాయన ఈ విషయంలో సొంత అన్ననే వదల్లేదు. ఆ అన్న ఇప్పుడు క్రిస్మస్‌కి ఇంట్లోనే కూర్చుంటున్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ జాబితాలో పాకుతూ పాకుతూ ఈ ఏడు మొదటి పేరై కూర్చున్నవాడు క్లారెన్స్. దాని గురించి డోరీ ఎప్పుడూ ఆలోచించలేదు. అతను ఇన్నేళ్ళూ అక్క టెంటు పక్కన చిన్న గుడారం వేసుకుని అక్క చేతి వంట తింటూ హాయిగానే ఉన్నాడు.

పధ్నాలుగో తేదీ సాయంత్రానికి నెవిల్ సామానంతా ఎక్కించేశాడు. కారు నెత్తిన పరుపులు, టెంటు గుంజలు. ట్రెయిలర్లో మాంసం నింపిన ఫ్రిజ్, రెండు గ్యాసు బండలు, మడత మంచాలు, వంటింటి అలమర, నేలమీద పరిచే చాప, డోరీ వారం రోజులుగా పులియబెట్టిన అల్లం బీరు రెండు బకెట్లు. తండ్రి పోయాక ఈ ఇరవై ఏడేళ్ళుగా ఏది ఎక్కడ పెట్టాలో అతనికి కంఠతా వచ్చు. బరువంతా ఇరుసుకి కాస్త ముందు పెట్టి, పైన గుడ్డ కప్పి, తాళ్ళు బిగించి చేతులు దులుపుకున్నాడు. అప్పుడే క్లారెన్స్ కొత్త కారు గేటు ముందు ఆగింది. వెనక మరొకరి వ్యానులో రెండు సైకిళ్ళు.

క్లారెన్స్ ఫర్నిచరు షోరూములో పెద్ద ఉద్యోగి. నలభై నాలుగేళ్ళు వచ్చాక, పొట్ట కాస్త ముందుకొచ్చాక, సైకిలు పిచ్చి పట్టింది. తనకొకటి, భార్య బెర్నీస్‌కొకటి కొన్నాడు. ఒక్కొక్కటి నెవిల్ కారుకంటే ఖరీదని అతనే నలుగురికీ చెప్పుకుంటాడు. అతని కొత్త కారుకి వెనక బరువులు తగిలించే కొక్కెం లేదు. వేయిస్తే కారు అందం పోతుందట.

"బావా, ఏమీ శ్రమ లేదు," అన్నాడు క్లారెన్స్. "ఈ ర్యాక్ చూడు. కారుకీ కొక్కేనికీ మధ్య ఈ ఇనప పలక బిగించేస్తే దీనిమీద రెండు సైకిళ్ళూ నిలబడతాయి. వెనక నీ ట్రెయిలరు నీదే. దాని జోలికి పోదు."

నెవిల్ ఆ పలకనీ, తన పొట్టి లాగుడు కమ్మీనీ, మధ్యలో మిగిలే జానెడు జాగానీ చూశాడు. "మలుపు తిరిగితే ట్రెయిలరు మూల చక్రానికి తగులుతుందేమో, క్లారెన్స్."

"మెల్లగా తిరుగు. నువ్వు బండి తోలితే పాలు తొణకవని మా అమ్మే అనేది కదా."

"పోనీలే," అన్నాడు నెవిల్.

డోరీ వంటింట్లోంచి ఆ మాట విని గరిటె గట్టిగా మూకుట్లో కొట్టింది. క్లారెన్స్ పలక బిగించి, సైకిళ్ళు నిలబెట్టి, దొంగల భయమని ర్యాక్‌కి తాళం వేసి, అక్క చేసిన రెండు మాంసపు ఉండలు నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు. తాళంచెవి కూడా అతని జేబులోనే వెళ్ళిపోయింది.

తెల్లవారి అయిదున్నరకి బయల్దేరాలి. ఏడున్నరయినా కదల్లేదు. సైకిళ్ళ బరువంతా కొక్కెం మీద పడి కారు వెనకభాగం నేలకి ఆనింది, ముందు దీపాలు చెట్లమీది పిట్టలకి దారి చూపిస్తున్నాయి. కొక్కెం మీద బరువు తగ్గించాలంటే ట్రెయిలర్లో బరువు వెనక్కి జరపాలి. అంటే తాళ్ళన్నీ విప్పాలి. నెవిల్ తాళ్ళు విప్పి, ఫ్రిజ్‌నీ గ్యాసు బండల్నీ తోకవైపుకి జరిపి, మళ్ళీ తాళ్ళు బిగించాడు. చేస్తున్నది తప్పని అతనికి తెలుసు. తోక బరువైతే ట్రెయిలరు ఊగుతుందని వర్క్‌షాపులో ఎంతమందికి చెప్పాడో.

"ఊగుతుందని తెలిసీ ఎందుకు చేస్తున్నట్టు?" అంది డోరీ.

"సైకిళ్ళు పెడితే ఇంతే మరి. ముందు పెడితే కారు కూలబడుతుంది, వెనక పెడితే తోక ఆడిస్తుంది."

"ఆడిస్తోంది తోక కాదు. మా తమ్ముడు."

ఊగింది. డెబ్భై దాటగానే ట్రెయిలరు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది, కారుని కూడా చెవి పట్టుకున్నట్టు అటొకసారి ఇటొకసారి లాగింది. నెవిల్ వేగం అరవైకి దించాడు. వెనక బారులు తీరిన కార్లన్నీ హారన్లు కొట్టుకుంటూ, చేతులూపుకుంటూ దాటిపోయాయి. ఒక పెద్దావిడ కిటికీ దించి మరీ ఏదో అనిపోయింది. ద్రాక్షతోటలు ఎంతకీ తరగడం లేదు. డోరీ ఒళ్ళో దారిబత్తెం డబ్బా తెరవకుండా అలాగే పెట్టుకుని కూర్చుంది. మామూలుగా అయితే రాబర్ట్‌సన్ ఊరు చేరేలోపే ఉడికించిన గుడ్లు అయిపోతాయి.

తొమ్మిది అవుతుండగా ట్రాఫిక్ ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టింది. పాతికేళ్ళ పిల్ల, ఇస్త్రీ మడత నలగని బట్టలు. కారు చుట్టూ ఒకసారి, ట్రెయిలరు చుట్టూ ఒకసారి, మధ్యలో వంగి ఒకసారి చూసింది.

"అంకుల్, ఏంటిది?"

"సైకిళ్ళమ్మా."

"సైకిళ్ళని కనిపిస్తోంది. ఆ మధ్యలో ఏం చేస్తున్నాయని అడుగుతున్నా."

"సముద్రానికి వెళ్తున్నాయి," అంది డోరీ. "మేము వాటి డ్రైవర్లం."

ఆ పిల్ల నవ్వు ఆపుకుని టేపు తీసింది. ర్యాక్‌కి దీపాల పట్టీ ఒకటుంది, దాని తీగ తోకలా వేలాడుతోంది. కారుకి ఉన్న ప్లగ్గు ఒక్కటే, అది ట్రెయిలరు దీపాలకి పెట్టేశారు. సరే, అది వదిలేస్తానంది. కానీ సైకిలు చక్రాలు రెండువైపులా కారు పక్కలు దాటి బయటికి వచ్చాయి. రెండు కొసలకీ ఎర్రగుడ్డ కట్టనిదే కదలనివ్వనంది.

"ఎర్రగుడ్డ ఎక్కడిదమ్మా ఇప్పుడు?" అన్నాడు నెవిల్.

ఎక్కడుందో డోరీకి తెలుసు. క్రిస్మస్ భోజనాల బల్లమీద పరచడానికి నవంబరంతా కూర్చుని కుట్టిన ఎర్ర దుప్పటి, చుట్టూ తెల్ల లేసు. వెనక సీటులో మడతపెట్టి ఉంది. తెచ్చింది, పళ్ళతో కొరికి మూలలు రెండూ చించింది. నోట్లో దారప్పోగులు ఉమ్మేసి ఆ పిల్ల చేతికిచ్చింది.

"అయ్యో ఆంటీ, ఎంత బాగా కుట్టారు," అంది ఆ పిల్ల, ముక్కలు గట్టిగా ముడివేస్తూ.

"మా తమ్ముడికి చెప్తానులే, నీకు నచ్చిందని."

కారు కదిలాక డోరీ మొదలుపెట్టింది. ఆ మాటల ప్రవాహం స్వెల్లెండమ్ ఊరి దాకా ఆగలేదు. చెయ్యి చాచినవాడికల్లా ఇచ్చే మొగుడు దొరికినందుకు తన తలరాతని తిట్టింది. పొట్టి కమ్మీని తిట్టింది, సైకిలు కనిపెట్టినవాణ్ణి తిట్టింది. "వాడు అడగ్గానే పోనీలే అన్నావు. వద్దని ఒక్క ముక్క అంటే వాడేమైనా ఉరేసుకునేవాడా?"

నెవిల్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మెల్లగా అన్నాడు. "వాడు ముందు ఫోను చేసింది నీకే కదా, డోరీ. సోమవారం. పట్టుకొచ్చెయ్యి, మీ బావ ఎలాగో సర్దుతాడులే అన్నావట. అందుకే తెచ్చాడు."

డోరీకి గుర్తొచ్చింది. అన్నది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, అల్లం తురుముతూ అన్నది. దాంతో ఇంకా కోపం వచ్చింది. "అన్నాను సరే. నేనన్నానని నువ్వూ అనాలా?" అంది.

పదీ పదికి పెట్రోలు బంకులోకి తిరిగారు. తిరక్కుండా ఉంటే బాగుండేది, కానీ ట్యాంకులో అడుగంటింది. పంపు ముందు ఒక పెద్ద లారీ ఉంది, డ్రైవరు కనబడలేదు. పక్క పంపుకి పోదామంటే కాస్త వెనక్కి వచ్చి తిప్పుకోవాలి. వెనక్కి నడపడంలో నెవిల్‌ని మించినవాడు ఆ జిల్లాలో లేడు. ట్రెయిలరుని సందులోకి, గేటులోకి, రెండు పూలకుండీల మధ్యకి టీ తాగుతూ ఒంటి చేత్తో దూర్చిన మనిషి. ఇవాళ రివర్సు గేరు వేసి చక్రం కాస్త తిప్పాడో లేదో ట్రెయిలరు మూల వచ్చి బెర్నీస్ సైకిలు చక్రపు ఆకుల్లో ముక్కు పెట్టింది. రెండు ఆకులు టిక్కుమని విరిగాయి. నెవిల్ బ్రేకు తొక్కి తల స్టీరింగుకి ఆనించాడు.

దక్షిణాఫ్రికాలో ట్రెయిలరు ఇరుక్కుందంటే చాలు, మగవాళ్ళందరూ ఇంజినీర్లే. చేతిలో సమోసాలు, కాఫీ కప్పులు పట్టుకుని ఆరుగురు చుట్టూ చేరారు.

"ఎడంపక్కకి కొట్టు, అంకుల్."

"ఎడమ కాదు, పూర్తిగా కుడి కొట్టి వదిలెయ్."

"అసలు ముందు సైకిళ్ళు దించెయ్యొచ్చుగా."

"తాళం వేసి ఉంది," అన్నాడు నెవిల్.

"తాళంచెవి?"

"క్లిప్‌మోండ్‌లో ఉంది," అంది డోరీ.

"అయితే ట్రెయిలరు ఊడదీసి చేత్తో తోసేద్దాం," అన్నాడు ఇంకొకాయన, చొక్కా చేతులు మడిచి. నెవిల్ అతనికి వంగి చూపించాడు. ర్యాక్ కాలు సరిగ్గా కొక్కెం పిడిమీద కూర్చుంది. సైకిళ్ళు తీస్తే తప్ప ర్యాక్ వంగదు, ర్యాక్ వంగితే తప్ప పిడి లేవదు, పిడి లేస్తే తప్ప ట్రెయిలరు ఊడదు. ఊడినా లాభం లేదు, తోకలో ఫ్రిజ్ ఉంది కాబట్టి ముక్కు గాల్లోకి లేచి చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడి గడ్డం పగలగొడుతుంది. ఆయన చేతులు దించుకుని కాఫీ తాగాడు.

ఇక చేసేది లేక లారీ డ్రైవరు కోసం కూర్చున్నారు. అతను స్నానాల గదిలో ఉన్నాడట. తీరిగ్గా తల దువ్వుకుని, చంకలో తువ్వాలుతో పదకొండుకి వచ్చాడు. "కాస్త హారను కొట్టకపోయారా," అన్నాడు. డోరీ అతనివైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

ఇంకా ఎనభై కిలోమీటర్లుంది. గంటకి అరవై. చివర్లో పన్నెండు కిలోమీటర్లు కంకర రోడ్డు. డోరీ వేళ్ళమీద లెక్క వేసింది, మళ్ళీ వేసింది, రెండుసార్లూ పన్నెండు దాటిపోతోంది. తమ్ముడికి ఫోను చేసింది. అవతల సముద్రం హోరు వినబడుతోంది.

"ఒరేయ్, మేము అందుకోలేం. నువ్వు అబ్రహామ్స్ దగ్గరికెళ్ళి, దారిలో ఉన్నారు, కాస్త ఆగండని చెప్పు. కాళ్ళమీద పడైనా సరే. మన చోట్లో ఎవర్నీ అడుగు పెట్టనివ్వకు."

"నువ్వు కంగారుపడకక్కా. నేను చూసుకుంటాగా."

ఆ మాటతో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. డబ్బా తెరిచి నెవిల్‌కి ఒక గుడ్డు ఒలిచి ఇచ్చింది. "ఎంతైనా నా చేతిలో పెరిగినవాడు," అంది. నెవిల్ గుడ్డు నములుతూ తలూపాడు. బావమరిది బతక గోరతాడని సామెత ఉంది. ఎక్కడ బతక గోరతాడన్నది సామెత చెప్పలేదు.

కంకర రోడ్డు మీద ఫ్రిజ్ గణగణలాడింది, అల్లం బీరు ఒక బకెట్టు మూత ఎగిరి సగం ఒలికిపోయింది. క్లిప్‌మోండ్ గేటు దాటేసరికి పన్నెండూ నలభై. టెంట్ల మధ్య ఇసక దారిలో మెల్లగా పోతుంటే తెలిసినవాళ్ళు చేతులెత్తి, వెంటనే దించేసుకుని, వేరే పనేదో ఉన్నట్టు తలలు తిప్పుకున్నారు.

మిల్క్‌వుడ్ చెట్టు కింద నీలం రంగు టెంటు లేచి ఉంది. కొత్తది, మడత గీతలు కూడా పోలేదు. ముందు నాలుగు కుర్చీలు, వాటిలో ఒకదాంట్లో కాళ్ళు చాపుకుని క్లారెన్స్. బెర్నీస్ గుడ్డతో బల్ల తుడుస్తోంది. కాస్త దూరంలో అబ్రహామ్స్ ముసలాయన పెద్ద పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చారా," అని క్లారెన్స్ లేచాడు. "చెప్పానా, చూసుకుంటానని. ఈయన్ని ఎంత బతిమాలినా వినలేదక్కా. పన్నెండు కొట్టగానే జాబితా తీశాడు. మొదటి పేరు నాదే అయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే రెండోవాడికి, ఎవడో పార్ల్ నుంచి వచ్చినవాడికి పోయేది. గబగబా సంతకం పెట్టి గుంజ పాతేశాను. చోటు మనింట్లోనే ఉంది."

"అబ్రహామ్స్ అంకుల్," అన్నాడు నెవిల్, టోపీ తీసి. "నలభై నిమిషాలే."

"నలభై నిమిషాలైనా నలభై రోజులైనా ఒకటే, జాఫ్తా. మీ నాన్న ఉన్నప్పుడు ఈ నియమం పెట్టమని చెయ్యెత్తినవాళ్ళలో ఆయనా ఉన్నాడు." ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఒకటుంది. పొద్దు గుంకేలోపు పేరు రాయించుకున్నవాడే వదులుకుంటున్నానని సంతకం పెడితే పాత పేరు వేస్తాను. దానికి నాకేం అభ్యంతరం లేదు."

"హమ్మయ్య," అంది డోరీ. "పెట్టెయ్యరా. టెంటు పీకడానికి మీ బావ సాయం పడతాడు."

క్లారెన్స్ కదల్లేదు. తల గోక్కున్నాడు. "అదే ఆలోచిస్తున్నానక్కా. ఇప్పుడేగా కట్టాం. మేకులన్నీ దిగ్గొట్టేశాం. నాదైతేనేం, మీదైతేనేం? పగలంతా మీరు ఇక్కడే కూర్చోండి, వంట ఇక్కడే, తిండి ఇక్కడే. పడుకోడానికి మాత్రం అరవై ఒకటికి పోతే సరి. ఖాళీగా ఉంది, ఆయన్ని అడిగాను కూడా."

"మరుగుదొడ్ల పక్కది, ఎవరూ అడగనిది," అంది డోరీ.

"నీళ్ళు దగ్గరక్కా. తొమ్మిదేళ్ళు కాచుకున్నాను నేను. బావ ఏమీ అనుకోడులే. ఏం బావా?"

నెవిల్ టోపీ పెట్టుకున్నాడు. "పోనీలే," అన్నాడు. "అరవై ఒకటి కూడా చోటే." అని కారువైపు నడిచాడు. ప్రతి ఏడూ దిగగానే ఆ చెట్టు మొదలుకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడటం అతని అలవాటు. ఇవాళ దాని పక్కనించే తల వంచుకుని పోయాడు. కారు తలుపు పట్టుకుని, ఎండ కళ్ళలో పడ్డట్టు మొహం అటు తిప్పుకున్నాడు. ఎండ వెనకవైపు ఉంది.

డోరీకి ఆ మొహం తెలుసు. తండ్రిని పూడ్చినరోజు చూసింది. అతనికి ఎంత బాధ కలిగిందో ఆమెకి చెప్పకుండానే తెలిసింది. ఊరంతటికీ ఇస్తాడని ముప్పై ఒక్క ఏళ్ళు తిట్టిపోసింది కదా, ఊరికంటే ఎక్కువ ఇప్పించింది ఎవరు? క్లారెన్స్ నాలుగు ఇళ్ళు మారితే నాలుగుసార్లూ ఆ ట్రెయిలరే వెళ్ళింది. అమ్మ బీరువా, క్లారెన్స్ పెళ్ళి కుర్చీలు, బెర్నీస్ వాళ్ళ పియానో. ప్రతిసారీ మీ బావ సర్దుతాడులే అని మాటిచ్చింది తను. అతను కాదనలేకపోయింది తన మొహం చూసి. ఇన్నాళ్ళూ అతని మెతకదనాన్ని తిడుతూ, ఆ మెతకదనం మీదే తను పుట్టింటిని మోయించింది. డోరీకి సిగ్గేసింది.

క్లారెన్స్‌ని చూసింది. వాడికి ఏడాది నిండినప్పుడు అమ్మ పళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళేది, నాన్న పడవల మీద. పదకొండేళ్ళ డోరీ వాణ్ణి చంకనేసుకుని తిరిగింది. బడి మానేసి మరీ తిరిగింది. వాడికి ఆమె ఎప్పుడూ ఏదీ లేదనలేదు. ఇవ్వనన్న ఒక్క మాట ఎంత బరువో, మొగుణ్ణి అన్నేళ్ళు అడిగిన మనిషికి మొదటిసారి తెలిసింది.

"క్లారెన్స్," అంది. "ఆ పుస్తకం తీసుకుని సంతకం పెట్టు."

"అదికాదక్కా..."

"పెట్టి టెంటు పీకు. అరవై ఒకటికి నువ్వు పో."

బెర్నీస్ గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. "వదినా, వంటసామానంతా సర్దేశాను."

"నేను వచ్చి మళ్ళీ సర్దిపెడతానమ్మా, నీమీద నాకేం కోపం లేదు. కానీ చోటు ఖాళీ చెయ్యాలి."

క్లారెన్స్ నవ్వబోయాడు, చుట్టుపక్కల టెంట్లవైపు చూశాడు. అక్కడ అందరూ తాళ్ళు బిగించుకోవడం మానేసి వింటున్నారు. "నన్ను పెంచింది నువ్వే. జానెడు ఇసక కోసం నలుగురిలో ఇలా అంటావా నన్ను?"

"పెంచింది నేనే కాబట్టే అంటున్నా. నాది ఏదైనా అడుగు, ఇస్తా. ఇది నాది కాదురా. వాళ్ళ నాన్నది. నీకు ఇవ్వడానికి నాకు హక్కు లేదు, తీసుకోడానికి నీకూ లేదు."

అబ్రహామ్స్ ముసలాయన పుస్తకం తెరిచి, పెన్ను మధ్యలో పెట్టి, బల్లమీద ఉంచాడు. క్లారెన్స్ వంగి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి, పెన్ను ఇసకలోకి విసిరాడు. మేకులు ఒక్కొక్కటే తన్ని పీకాడు. నీలం టెంటు కూలింది. సాయానికి వచ్చిన నెవిల్ చేతిని విదిలించుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరగడం డోరీ చూసింది. వెళ్ళి తుడవాలని చెయ్యి లేచింది, ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

సామానంతా అరవై ఒకటికి చేరాక క్లారెన్స్ తాళంచెవి పట్టుకుని సైకిళ్ళ కోసం తిరిగి వచ్చాడు. ర్యాక్ విప్పాడు, ఎర్రగుడ్డ ముక్కలు లాగి పారేశాడు, విరిగిన ఆకులు చూసి పళ్ళు నూరాడు. నెవిల్ కారు నెత్తినుంచి గుంజలు దించుతున్నాడు. రెండు సైకిళ్ళూ రెండు చేతుల్తో పట్టుకుని క్లారెన్స్ అక్క ముందు ఆగాడు.

"సరే. జనవరిలో ఇవి ఇంటికి ఎలా వెళ్తాయి మరి?"

నెవిల్ గుంజ భుజాన పెట్టుకుని ఏదో అనబోయాడు. డోరీ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"సైకిళ్ళే కదరా," అంది తమ్ముడితో. "తొక్కుకుంటూ పో."

క్లారెన్స్ ఆమె మొహంలోకి చూశాడు, నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు.